తీసుకున్నది ఒకటి, పెట్టినది ఒకటి

ఆదివారం పొద్దున తమిళనాట పీలమేడులో శరవణ వేసుకున్న పథకం చాలా సులువైనది. ఏడింటికి ఆరేళ్ళ కూతురు ఆనందిని బండి మీద ఎక్కించుకుని, సూలూరు దారిలో ఉన్న తమ కులదేవత గుడికి బయలుదేరాలి. గుడి వెనకాల, మూతపడిన మిల్లు గోడలో ఎవరో దాచిన డబ్బా ఒకటి ఉందని ఫోను చెబుతోంది. దాన్ని వెతికి పట్టుకోవాలి. పదింటికి మిగతా కుటుంబం వ్యానులో దిగేసరికి, ఏమీ ఎరగనట్టు గుడి మెట్ల మీద కూర్చుని ఉండాలి.

ఈ ఆట శరవణకు ఆఫీసులో అంటుకుంది. పేరు జియోకాషింగ్. ఎవరో ఒక డబ్బా దాచి, దాని చోటును ఫోనులో గుర్తు పెడతారు. మిగతావాళ్ళు వెతుక్కుంటూ పోతారు. దొరికితే అందులోని చిన్న పుస్తకంలో పేరు రాయాలి. ఇష్టమైతే ఒక వస్తువు తీసుకోవచ్చు, కానీ బదులు ఒక వస్తువు పెట్టాలి. ఆటలో లేనివాళ్ళకు తెలియకుండా దాచాలి, చెప్పకూడదు. అంతే. "పని లేని పనికి ఇంగ్లీషులో ఒక పేరు పెట్టినారంటే అది గొప్ప అయిపోతాది" అని శరవణ తల్లి కృష్ణమ్మాళ్ ఈ ఆట గురించి ఒకే ఒక్కసారి మాట్లాడింది.

బండి కదలబోతుండగా చెల్లెలు చిత్ర గేటు దగ్గరికి పరిగెత్తుకొచ్చింది. జుట్టు ఇంకా ఆరలేదు. కళ్ళు చూస్తే రాత్రి నిద్రపోయినట్టు లేదు.

"అన్నా, నీకు దండం పెడతాను. ఈ ఒక్క దినం ఒళ్ళు దగ్గర పెట్టుకో. పదింటికి పిల్ల గుడిలో వుండాల. అమ్మవారి దగ్గర ఆ పొట్లం తీసేది ఇదే కదా."

"ఏమే, నేను ఎప్పుడన్నా లేట్ చేసినానా?"

"నీ కల్యాణానికే లేట్‌గా వస్తివి కదన్నా!"

చిత్ర భయపడటంలో తప్పేమీ లేదు. మూడేళ్ళుగా ఆమె మదురై అబ్బాయి విగ్నేశ్‌ను చేసుకుంటానంటోంది. పెద్దనాయన ముత్తుకృష్ణ మూడేళ్ళుగా కూడదంటున్నాడు. "నాలుగు నూరు వరుషంగా ఇంట్లో తెలుగుని కాపాడి వచ్చినాము. ఇప్పుడు వాడు వచ్చి నడు ఇంట్లో తమిళం పేసితే నల్లా వుంటాదా?" అనేది ఆయన వాదన. ఈ వాక్యంలో తెలుగు ఎంత కాపాడబడిందో ఆయనకు చెప్పే ధైర్యం ఇంట్లో ఎవరికీ లేదు. చిత్ర తండ్రి పోయినప్పటి నుంచీ ఆయన మాటే ఇంటికి చివరి మాట.

చివరికి కృష్ణమ్మాళ్ ఒక దారి చెప్పింది. "నీ మాట వద్దు, నా మాట వద్దు. అమ్మవారిని పువ్వు అడుగుదాము." పూవాక్కు అంటే ఆ ఇళ్ళల్లో ఎదురులేదు. తెల్లపువ్వు ఒక పొట్లంలో, ఎర్రపువ్వు ఒక పొట్లంలో కట్టి అమ్మవారి ముందు పళ్ళెంలో పెడతారు. ఏమీ తెలియని చిన్నపిల్ల ఒకటి తీస్తుంది. తెలుపైతే సరే, ఎరుపైతే కూడదు. ఆ తర్వాత పెద్దనాయన కూడా నోరెత్తకూడదు, చిత్ర కూడా నోరెత్తకూడదు. పువ్వులు ముత్తుకృష్ణే తెచ్చాడు, దోసెడు నందివర్ధనాలు, ఒక ఎర్ర మందారం. వాటిని అరిటాకు ముక్కల్లో చుట్టి దారం కట్టే పని మాత్రం కృష్ణమ్మాళ్ ఎవరికీ ఇవ్వలేదు. "మడిగా కట్టాల" అని పూజగదిలో తలుపు వేసుకుని కట్టింది.

మిల్లు గోడ దగ్గర తండ్రీ కూతుళ్ళు ముప్పావు గంట వెతికారు. ఫోను ఒకసారి పది అడుగులు ముందుకు పొమ్మంది, ఒకసారి పది అడుగులు వెనక్కి పొమ్మంది. శరవణ ముళ్ళకంపలో మోకాళ్ళ మీద పాకుతుంటే ఆనంది ఊరికే గోడలో ఊడిన రాయి ఒకటి లాగింది. వెనకాల నల్ల టేపు చుట్టిన స్టీలు టిఫిన్ డబ్బా.

"అప్పా! దొరికింది!"

"ష్! అరవకూడదు సామీ. రూలు ఏమి?"

"ఒకటి తీసుకుంటే ఒకటి పెట్టాల. వేరేవాళ్ళకి కనపడకుండా దాచాల. ఎవరికీ చెప్పకూడదు."

"అడ్రా సక్క!" అని శరవణ కూతురి వీపు తట్టాడు.

ఆనంది అందులోని విజిల్ తీసుకుంది. జేబులో రెండు వస్తువులు తెచ్చుకుంది, ఒక జడ క్లిప్పు, ఒక పచ్చ డైనోసార్. చాలాసేపు ఆలోచించి క్లిప్పు పెట్టింది. పుస్తకంలో పేరు రాసింది. కూతురి బుద్ధికి శరవణ పొంగిపోయాడు. పిల్లలకు చెప్పిన మాట అంత బాగా ఎక్కితే ఏమవుతుందో అతనికి ఇంకో రెండు గంటల్లో తెలియబోతోంది.

పదింటికి వ్యాను వచ్చింది. ముప్పై మంది బంధువులు దిగారు. పూజారి పళ్ళెంలో రెండు పొట్లాలు పెట్టి, ఆనందిని ముందు నిలబెట్టి, "ఒకటి తీయి తల్లీ" అని కర్పూరం వెలిగించాడు. అందరూ కళ్ళు మూసుకుని చేతులు జోడించారు.

పూజారి పొడుగాటి స్తోత్రం ముగిసి కళ్ళు తెరిచేసరికి పళ్ళెంలో ఒక పొట్లం ఉంది. పక్కన ఒక పచ్చ డైనోసార్ ఉంది. ఆనంది లేదు.

"అమ్మా తాయే! ఇది ఏమి బల్లి?" అన్నాడు ముత్తుకృష్ణ.

శరవణకు మాత్రం వెంటనే తట్టింది. ఒకటి తీసుకుంటే ఒకటి పెట్టాలి.

బయటికి పరిగెత్తబోయేంతలో ఆనందే నింపాదిగా లోపలికి వచ్చింది. చేతులు ఖాళీ. మోకాలికి మట్టి.

"కన్నూ, పొట్లం ఏది?"

"దాచినాను."

"ఏడ?"

ఆనంది చుట్టూ చూసి తండ్రి చెవి దగ్గర నోరు పెట్టింది. "అప్పా, వీళ్ళంతా ఆటలో లేరు."

"నేను వున్నాను కదా, నాకు చెప్పు."

"నువ్వు ఆటలో వుంటే నువ్వే వెతకాల. క్లూ కావాలంటే ఇస్తాను. చీకటిగా వుంటాది. మూత వుంటాది."

క్లూ బయటికి పొక్కింది. చీకటిగా ఉండి మూత ఉన్నవన్నీ బంధువులు తెరవడం మొదలుపెట్టారు. అన్నం గిన్నె, నీళ్ళ డ్రమ్ము, వ్యాను వెనక తలుపు, ఎవరిదో కళ్ళద్దాల పెట్టె. పొంగలిలో గరిటె పెట్టి అడుగుదాకా కలిపిన అత్తయ్య ఒకావిడ, "ఇందులో లేదు, ఉప్పు కూడా లేదు" అని ప్రకటించింది.

ఈ గోల ముత్తుకృష్ణకు నచ్చలేదు. పళ్ళెంలో మిగిలిన పొట్లం తీసి దారం తెంపాడు. తెల్లటి నందివర్ధనాలు రాలాయి.

మూతలు తెరుస్తున్నవాళ్ళంతా వచ్చి చుట్టూ మూగారు.

"ముగిసింది" అన్నాడు ముత్తుకృష్ణ. "తెలుపు ఈడ వుండాది. అంటే పిల్ల తీసింది ఎరుపు. అమ్మవారు కూడదని చెప్పేసింది. పోయి ఆకు వేయండి, సాప్పాడు చల్లారిపోతాది."

చిత్ర ఏడవలేదు. స్తంభానికి ఆనుకుని మెల్లగా కిందికి జారి కూర్చుంది. చేతిలో ఫోను మోగుతోంది, మదురై నుంచి. ఎత్తలేదు. శరవణకు ఆ ఫోను చూస్తే తన చెంప తనే వాయించుకోవాలనిపించింది. మూడేళ్ళ ఆశ ఒక ఆట పాలైంది.

అప్పుడు అందరికంటే ముందు లేచింది కృష్ణమ్మాళ్. ముఖం పాలిపోయి ఉంది.

"కూడదు! పిల్ల చేతిలోది చూడాల. అదే వాక్కు."

"దానిలో చూసేదానికి ఏముంది? రెండు పొట్లాలు. ఒకటి తెలుపంటే ఇంకోటి ఎరుపు. ఒకటో క్లాసు కణక్కు."

"అమ్మవారి దగ్గర కణక్కు చూపిస్తారా బావగారూ? కళ్ళతో చూడనిది నేను ఒప్పను. శరవణా! నిలబడి చూస్తావు, పోరా!"

చిత్ర తల ఎత్తి తల్లిని వింతగా చూసింది. మూడేళ్ళలో ఒక్క మాట తన వైపు మాట్లాడని తల్లి, మోకాళ్ళ నొప్పులని మెట్లు ఎక్కని తల్లి, కొంగు నడుముకు దోపి ఎండలోకి దిగింది.

చీకటి, మూత. శరవణకు ఆ డబ్బా అప్పటికి గుర్తొచ్చింది. గోడ దగ్గరికి పరిగెత్తాడు. వెనక తల్లి, తల్లి వెనక ముప్పై మంది. రాయి పక్కన పడి ఉంది. వెనకాల బొక్క ఉంది. డబ్బా లేదు.

డబ్బా పాతిక అడుగుల దూరంలో, నేల మీద, బోర్లించిన ప్లాస్టిక్ డ్రమ్ము కింద ఉంది. డ్రమ్ము చుట్టూ నాలుగు ఇసుక బస్తాలు. పక్కన మిల్లు వాచ్‌మన్ మురుగన్, ఒక మహిళా కానిస్టేబుల్. శరవణను చూడగానే మురుగన్ చెయ్యి చాచి అరిచాడు.

"మేడమ్, ఇవన్‌దాన్, వీడే! పొద్దున ఫోను పట్టుకుని గోడకింద పాకినాడు, అందుకే మీకు చెప్పి పంపిస్తిని. ఇప్పుడు పాపను పంపి లోపల ఇంకేదో పెట్టించినాడు!"

కానిస్టేబుల్ చొక్కా మీద జెబమలర్ అని పేరుంది. "ఎన్న సార్ ఇది? పక్కనే మిలిటరీ విమానాల క్యాంపు వుండాదని తెలియదా?" అన్నది, తమిళంలో మొదలుపెట్టి, ఈ జనం మాట విని సగం తెలుగులోకి దిగుతూ.

"మేడమ్, ఇది ఒక ఆట. డబ్బా ఎక్కడ వుండాదో సాటిలైట్ చెప్తాది, మేము పోయి..."

"సాటిలైటా?" జెబమలర్ ఒక అడుగు వెనక్కి వేసి వైర్‌లెస్ చేతిలోకి తీసుకుంది. ముప్పై మందీ రెండడుగులు వెనక్కి వేశారు. శరవణ నోరు తెరిచే కొద్దీ వ్యవహారం పెద్దదవుతోంది. బాంబు నిపుణులు వస్తే డబ్బాను దూరం నుంచి పేల్చేస్తారని మురుగన్ చెబుతున్నాడు. లోపల ఉన్నది శరవణ చెల్లెలి బతుకు.

కృష్ణమ్మాళ్ వెనక్కి అడుగు వేయలేదు. నేరుగా ఇసుక బస్తా మీద కాలు పెట్టింది.

"పాట్టీ! తొడాదీంగ! ముట్టుకోవద్దు!" అని జెబమలర్ అరిచింది.

"నా అమ్మవారి వాక్కు దాని లోపల వుండాది అమ్మాడీ. పేలితే నేను పోతాను, అరవై ఎనిమిది అయింది, పరవాలేదు." డ్రమ్ము తోసేసి డబ్బా మూత లాగింది. ముప్పై మంది చెవులు మూసుకున్నారు. లోపల ఒక జడ క్లిప్పు, ఒక పుస్తకం, వాటి మీద అరిటాకు పొట్లం.

ఆమె దాన్ని విప్పలేదు. చిత్రను పిలిచి చేతిలో పెట్టింది. చిత్ర దారాన్ని పళ్ళతో తెంపింది.

తెల్లటి నందివర్ధనాలు.

చిత్ర ఈసారి ఏడ్చింది, గట్టిగా, చిన్నపిల్లలాగా, అన్న భుజం మీద పడి. శరవణ ఆమెను పట్టుకునే మురుగన్ స్టూలు మీద కూర్చున్నాడు. అత్తయ్యలు శుభానికి నాలుకలు ఆడిస్తూ కులవ పెట్టారు. జెబమలర్ వైర్‌లెస్ నడుముకు పెట్టుకుంటూ, "కల్యాణమా? ముందే చెప్పకూడదా సార్!" అని నవ్వింది. ఆనంది పుస్తకమూ పెన్సిలూ ఆమె ముందుకు చాచింది. "ఆంటీ, డబ్బా నీకు దొరికింది కదా, పేరు రాయాల. రూలు." జెబమలర్ హోదాతో సహా సంతకం పెట్టింది.

ముత్తుకృష్ణ మాత్రం గుడిలోవి ఒక అరచేతిలో, డబ్బాలోవి ఒక అరచేతిలో తెల్లపువ్వులు పెట్టుకుని నిలబడ్డాడు.

"అది సరి. రెండూ తెలుపు ఎట్ల అయింది? నేను ఎర్ర మందారం తెస్తిని కదా?"

కృష్ణమ్మాళ్ కొంగు విప్పి ముఖం తుడుచుకుంది.

"మనము అడిగింది ఒక మారు. అమ్మవారు రెండు మార్లు చెప్పింది. మీరు ఇంకా ఏమి అడగాల బావగారూ?"

ముత్తుకృష్ణ పువ్వులను కళ్ళకు అద్దుకున్నాడు. అమ్మవారితో వాదించే అలవాటు ఆయనకు లేదు. "వాడికి తెలుగు నేర్పించాల" అన్నాడు చివరికి. గుడికి తిరిగి వచ్చి, పళ్ళెంలోని డైనోసార్‌ను ఆనందికి ఇచ్చి భోజనానికి నడిచాడు. పొంగలిలో ఉప్పు వేయడం అప్పటికీ ఎవరికీ గుర్తు రాలేదు, ఆయన రెండుసార్లు వడ్డించుకున్నాడు.

తిరుగు దారిలో ఆనంది వ్యానులో అవ్వ పక్కన కూర్చుంది. చిత్ర ఫోనులో మదురైతో నవ్వుతూ ఏడుస్తూ మాట్లాడుతోంది. సింగానల్లూరు దాటేసరికి కృష్ణమ్మాళ్ కునుకు తీసింది. పిప్పరమెంట్లు ఎక్కడ ఉంటాయో ఆనందికి తెలుసు, అవ్వ నడుము దగ్గరి వక్కాకు సంచిలో.

సాయంత్రం ఇంటి అరుగు మీద కూర్చుని కృష్ణమ్మాళ్ ఆ సంచి తెరిచింది. అడుగున పొద్దున తను దాచిన అరిటాకు పొట్లం అలాగే ఉంది. కానీ దారం తను వేసిన ముడి కాదు, బడి బూట్లకు వేసే ముడి. లోపల ఎర్ర మందారం వాడిపోయి ఉంది. పొట్లం మీద పచ్చ డైనోసార్ పడుకుని ఉంది. దాని కింద చిన్న చీటీ, తమిళ అక్షరాల్లో: "ఆనంది, వయసు 6. దొరికింది. పిప్పరమెంటు తీసుకున్నాను. ఎవరికీ చెప్పలేదు."

కృష్ణమ్మాళ్ తల ఎత్తి చూసింది. గుమ్మంలో మనవరాలు పెదవుల మీద వేలు పెట్టుకుని నిలబడి ఉంది.

కృష్ణమ్మాళ్ పెన్సిలు అడిగి తీసుకుని, చీటీ మీద తన పేరు కూడా రాసి, సంచి మూసింది.