పెళ్ళి ఊరేగింపులో రెండో స్టేజి పాట

ఆ గురువారం ఉదయం సువర్ణ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదింటికి కరెంటు పోతుంది. ఎనిమిదిన్నరకి కూతురు గాయత్రికి అన్నం పెట్టాలి. తొమ్మిదింటికి బ్యాండు మేస్టరు సాలమోను వస్తాడు, అతనికి పెళ్ళి క్యాసెట్టు ఇవ్వాలి. అంతే. ఎనిమిదో తరగతితో బడి మానేసిన మనిషి కూడా వేళ్ళ మీద లెక్కపెట్టుకోగలిగినన్ని పనులు.

శనివారం ఆడపడుచు సత్యశ్రీ పెళ్ళి. ముక్తేశ్వరంలో ఆ ఇంటికి కోడలిగా వచ్చిన మూడేళ్ళలో అత్తగారు వీరలక్ష్మి సువర్ణ చేతిలో పెట్టిన మొదటి బాధ్యత ఆ క్యాసెట్టు.

"పెళ్ళికొడుకుని విడిది నుంచి తీసుకొచ్చేటప్పుడు వాయించాల్సిన పాట ఇందులో ఉందమ్మా. సాలమోను సంగతి నీకు తెలుసుగా, ఏ క్యాసెట్టు ఇస్తే అది పొల్లు పోకుండా దింపేస్తాడు. ఇచ్చేటప్పుడు ఒళ్ళు దగ్గర పెట్టుకుని ఇవ్వు. ఈ మాత్రం కూడా చెయ్యలేకపోయిందని నా నోట అనిపించుకోకు," అంది వీరలక్ష్మి.

"ఆయ్, అలాగేనండి అత్తయ్యగారూ," అంది సువర్ణ.

ఇక గాయత్రి సంగతి. దానికి రెండేళ్ళు. అన్నం చూస్తే పెదవులు బిగించేస్తుంది. చందమామని చూపించినా, కాకిని పిలిచినా, బూచాడొస్తాడన్నా ఆ పెదవులు విడవవు. అవి విడిచేది ఒక్క పాటకే. సువర్ణ భర్త మోహన్ మస్కట్ నుంచి కిందటి సెలవులకి వచ్చినప్పుడు టీవీకి తగిలించుకునే వీడియో గేమొకటి తెచ్చాడు. అందులో పసుపు టోపీ పెట్టుకున్న బాతు గెంతుతూ తాళంచెవులు ఏరుకుంటుంది. రెండో స్టేజిలో ఆ బాతు నీళ్ళలోకి దిగుతుంది. అప్పుడొక పాట మొదలవుతుంది. మాటలుండవు, గొంతుండదు, ఊరికే టింగు టింగుమనే మోత. కాని గోదావరి రేవులో పడవ ఊగుతున్నట్టు ఊగుతూ ఉంటుంది. అది వింటే గాయత్రి నోరు తెరిచేస్తుంది.

నిజం చెప్పాలంటే అది వింటే సువర్ణ కూడా నోరు తెరిచేస్తుంది. మొదటి స్టేజి పాట గుర్రం నడకలా ఉంటుందని, మూడో స్టేజి పాటలో ఎవరో గుహలోంచి పిలుస్తున్నట్టుంటుందని, ఇంటికొచ్చిన ప్రతి ఒక్కరికీ చెప్పేది. రేడియోలో పాట వేసే ముందు సంగీతం ఎవరో చెబుతారు కదా, ఇంత మంచి పాటలు కట్టిన మనిషి పేరు ఎందుకు చెప్పరని మోహన్‌ని అడిగింది కూడా. ఏడు స్టేజీలు దాటితే చివర పేర్లు వస్తాయన్నాడతను. ఆ పేరు కోసం సువర్ణ ఏడాదిగా ఆడుతోంది. అయిదో స్టేజి దాటలేదు.

కరెంటు లేని పూట పిల్ల పస్తుండకూడదని ఆ రెండో స్టేజి పాటని బ్యాటరీలతో నడిచే టేప్ రికార్డరులోకి ఎక్కించింది. టీవీ ముందు రికార్డరు పెట్టి, బాతుని నీళ్ళలో కదలకుండా నిలబెట్టి, పిల్లకి అన్నం పెడుతూ రికార్డు చేసింది. అందుకని ఆ టేపులో పాట ఒక్కటే పడలేదు. ఆటలో ఒక మూల అంకెలు తరుగుతూ ఉంటాయి. వంద కిందికి రాగానే, టైం అయిపోతోంది పరిగెత్తమన్నట్టు, పాట రెండింతల వేగం అందుకుంటుంది. అంకెలు అయిపోతే బాతు వెల్లకిలా పడి చచ్చిపోతుంది. అప్పుడు డీ... డీ... డుమ్మని మెట్ల మీంచి బిందె దొర్లినట్టు చిన్న చావు మోత వస్తుంది. తర్వాత పాట మళ్ళీ మొదలు. టేపు నిండా ఇదే వరస.

రెండు క్యాసెట్లూ ఒకే కంపెనీవి. పెట్టెల మీద మాత్రం తేడా ఉంది. ఒకదాని మీద అత్తగారు 'పెళ్ళి' అని రాసింది, ఇంకోదాని మీద సువర్ణ 'పాప' అని రాసింది. లోపలి క్యాసెట్ల మీద ఎవరూ ఏమీ రాయలేదు.

అనుకున్నట్టే ఎనిమిదింటికి కరెంటు పోయింది. రికార్డరులో అత్తగారు పొద్దున్నే విని వదిలేసిన పెళ్ళి క్యాసెట్టుంది. సువర్ణ దాన్ని తీసి బల్ల మీద పెట్టి, పాప క్యాసెట్టు వేసి, ముద్దలు పెట్టడం మొదలెట్టింది. పాట పరుగందుకునేసరికి చివరి నాలుగు ముద్దలూ గబగబా లోపలికి పోయాయి. బాతు చచ్చిపోయేసరికి గిన్నె ఖాళీ. సరిగ్గా అప్పుడే వీధిలోంచి, "అమ్మా! సాలమోనునండి!" అని కేక వినిపించింది. సువర్ణ ఎంగిలి చెయ్యి చీరకి తుడుచుకుని, రికార్డరులోది పీకి, కళ్ళకి కనిపించిన 'పెళ్ళి' పెట్టెలో పెట్టి, పరిగెత్తుకెళ్ళి ఇచ్చేసింది. ఒళ్ళు దగ్గర పెట్టుకునే ఇచ్చింది. ఒళ్ళో పిల్ల కూడా ఉంది.

మధ్యాహ్నం గాయత్రి కంచం ముందు బల్ల మీది క్యాసెట్టు వేసి మీట నొక్కింది. సన్నాయి మీద మంగళ వాద్యం మోగింది. గాయత్రి పెదవులు బిగించింది. సాలమోనుకి ఇచ్చింది పాప క్యాసెట్టు!

"వదినా, పాట బాగుందే! పిల్లకి అప్పుడే పెళ్ళి చేసేస్తావేంటి?" అని నవ్వింది సత్యశ్రీ.

"పిల్లకి కాదు, నాకు చేసేస్తారు ఇప్పుడు," అంది సువర్ణ.

సాలమోను తన ఊరు కొత్తపేటలో లేడు. మండపేటలో వేరే పెళ్ళికి వాయించడానికి వెళ్ళాడట. ఆ పెళ్ళివారింటి ఫోను నంబరు ఎలాగో సంపాదించి, శుక్రవారం పొద్దున్నే ఎస్టీడీ బూత్‌కి బయలుదేరింది. బయలుదేరగానే, "ఆగు, పూలవాడికి నేనూ ఫోను చెయ్యాలి," అంటూ వెనకే అత్తగారు! బూత్ అంటే ఇద్దరు పట్టే అద్దాల గది. సువర్ణ ఫోనులో మాట్లాడుతుంటే వీరలక్ష్మి చెవి జానెడు దూరంలో ఉంది.

"సాలమోనుగారూ, నేను ముక్తేశ్వరం నుంచండి. మీకిచ్చిన క్యాసెట్టు..."

"ఆహా, ఏం క్యాసెట్టండమ్మా అది!" అవతల నుంచి సాలమోను గొంతు ఉప్పొంగిపోయింది. "ముప్ఫయ్యేళ్ళ సర్వీసులో అలాంటి పాట వినలేదండి. మొత్తం కలిపి మూడంటే మూడు గొంతులు, నాలుగోది డ్రమ్ము. మూడు గొంతులతో సముద్రం చూపించేడండి మహానుభావుడు! ఎవరండి మ్యూజిక్ డైరెక్టరు?"

అంత కంగారులోనూ సువర్ణకి ఒళ్ళు పులకరించింది. తను ఒక్కతే అనుకుంటున్న మాట ఇంకో మనిషి నోట వినిపించింది మరి. ఆ పులకరింత అణుచుకుని, అత్తగారి వైపు ఓరగా చూసి, "అది కాదండి, మీరు ఆ క్యాసెట్టు మళ్ళీ ఒకసారి వినండి. చివరిదాకా వినండి. అందులో తేడా మీకే తెలుస్తుంది," అంది.

"పట్టేసేరమ్మా," అన్నాడు సాలమోను, దొంగతనం బయటపడ్డవాడిలా. "పాట చివర బాకా దొర్లుతూ పడిపోయే ముక్క ఒకటుంది. టేపు నలిగిందేమోనని మేం వదిలేసేం. తప్పేనండి. ఈ రాత్రికి అది కూడా దింపేస్తాం. మీరు నిశ్చింతగా ఉండండి."

"అయ్యో, అది కాదండి..."

"ఏమంటున్నాడు?" అంది వీరలక్ష్మి.

"నిశ్చింతగా ఉండమంటున్నాడండి," అంది సువర్ణ.

రాత్రల్లా ఆమెకి నిద్ర లేదు. పాట మారితే మారింది, అత్తగారు తిడితే తిట్టింది. కాని ఆ చావు మోత! పెళ్ళికొడుకు వీధిలో ఉండగా అది మోగితే ఎంత అశుభం! అదేమిటో ఊళ్ళో ఇంకెవరికీ తెలియదు నిజమే. తనకి తెలుసుగా.

శనివారం. ముహూర్తం పది నలభై రెండుకి. ఎదురు సన్నాహానికి పానకం బిందెలతో ఆడపెళ్ళివారు కాలవ లాకుల దగ్గర విడిదికి వెళ్ళారు. గాయత్రిని చంకనేసుకుని సువర్ణ కూడా వెళ్ళింది, సాలమోను చెవిలో ఒక్క మాట వేద్దామని. వేసే వీలు చిక్కలేదు. పెళ్ళికొడుకు బాబాయి సూర్యప్రకాశరావు అప్పటికే బ్యాండు వాళ్ళ మధ్య నిలబడి కండువా తిప్పుతున్నాడు.

"బ్యాండు మేస్టారూ, తొందర లేదండి! ప్రతి గుమ్మం ముందూ ఆగుదాం. పెళ్ళంటే ఊరు చూడాలి!"

సాలమోను కళ్ళు మూసుకుని క్లారినెట్టు ఎత్తాడు. రెండో స్టేజి మొదలైంది.

టీవీలో టింగు టింగుమన్న పాట రెండు క్లారినెట్ల మీద, ఒక పెద్ద బాకా మీద ఎలా ఉంటుందో సువర్ణ కలలో కూడా అనుకోలేదు. కాలవ నీళ్ళు కూడా దానితో పాటే ఊగుతున్నట్టనిపించింది. భయం మర్చిపోయి నిలబడిపోయింది. చంకలో గాయత్రి ఆవలించినంత నోరు తెరిచింది. పక్కనున్న పెద్దావిడెవరో ఆ నోట్లో పూతరేకు ముక్క పెట్టింది. గాయత్రి మింగేసి మళ్ళీ తెరిచింది.

ఊరేగింపు మాత్రం నత్త నడక నడుస్తోంది. సూర్యప్రకాశరావు ప్రతి గుమ్మం ముందూ పెళ్ళికొడుకు కారు ఆపించి, వయసు మరిచి చిందేస్తున్నాడు. పది ఇరవై అయింది. పది ఇరవై అయిదయింది. ఇంకా సగం వీధి ఉంది. ఇంటి దగ్గర నుంచి వీరలక్ష్మి ఇద్దరు మనుషుల్ని తరిమింది, "ముహూర్తం దాటిపోతోందని చెప్పండ్రా!" అని. వాళ్ళు కూడా వచ్చి చిందులో కలిసిపోయారు.

అప్పుడు సాలమోను చెయ్యి పైకి లేచింది. సువర్ణకి తెలుసు. వంద కిందికి వచ్చేసింది.

బ్యాండు రెండింతల వేగం అందుకుంది. సూర్యప్రకాశరావు కాళ్ళు కూడా రెండింతలయ్యాయి. పానకం బిందెలు తొణికాయి. కారులో కూర్చున్న పెళ్ళికొడుకు సురేంద్ర మాత్రం తేలు కుట్టినవాడిలా లేచాడు. అమలాపురంలో కంప్యూటర్లు నేర్పే కుర్రాడు, అప్పటిదాకా బుద్ధిగా తల వంచుకుని ఉన్నవాడు, బాసికం ఊగిపోతుండగా తలుపు తీసుకుని రోడ్డు మీదికి ఉరికాడు.

"బాబాయ్! టైం అయిపోతోంది! పరిగెత్తండి!"

"ఒరేయ్, పెళ్ళికొడుకువిరా! కారెక్కు!"

"కారుతో అవదు బాబాయ్! వందే ఉంది!"

వంద అన్నాడు! ఈ మాట ఊళ్ళో తను తప్ప ఇంకెవరూ అనరు. సువర్ణ పిల్లని బిగించి పట్టుకుని అతని పక్కకి పరిగెత్తింది.

"అన్నయ్యగారూ! మీరు బాతు ఆట ఆడేరా?"

"హాస్టల్లో నాలుగేళ్ళు ఆడేను చెల్లెమ్మా! ఇంకెన్ని చుట్లు?"

"టేపులో ఆరు చుట్లకి చచ్చిపోతుందండి! రెండయిపోయేయి!"

"పందిట్లోకి వెళ్ళిపోతే?"

"వెళ్ళిపోతే గెలిచినట్టేనండి!"

ఇక ఆగలేదు. పట్టుపంచె ఎగగట్టి పెళ్ళికొడుకు, పిల్లని చంకనేసుకుని సువర్ణ, వెనక పానకం బిందెలు, ఆ వెనక కండువా జారిపోయిన సూర్యప్రకాశరావు, అందరి వెనకా పెదవుల నుంచి వాద్యాలు తియ్యకుండా పరిగెత్తుతున్న బ్యాండు వాళ్ళు. ఖాళీ కారు కూడా హారన్ కొట్టుకుంటూ వచ్చింది. నాలుగో చుట్టు కిరాణా కొట్టు దగ్గర, అయిదో చుట్టు రైసు మిల్లు దగ్గర. ఆరోది సగంలో ఉండగా పందిరి కనిపించింది. గుమ్మంలో హారతి పళ్ళెంతో వీరలక్ష్మి కొయ్యబారిపోయి ఉంది.

"కుడికాలండి, కుడికాలు!" అని అరిచింది సువర్ణ.

సురేంద్ర కుడికాలు ముందుకు చాచి ఒక్క గెంతు గెంతాడు. అచ్చం బాతులా. పాదం పందిట్లో పడింది. వెనకాల బాకా డీ... డీ... డుమ్మని దొర్లింది.

"దాటేసేను!" అన్నాడు సురేంద్ర రొప్పుతూ.

గోడ గడియారం పది ముప్ఫై మూడు చూపిస్తోంది.

జీలకర్ర బెల్లం వేళకి పడింది. అక్షింతల హోరు తగ్గాక సువర్ణ అత్తగారి దగ్గరికి వెళ్ళింది. చెప్పెయ్యాలి. ఎంత తిట్టినా సరే. అక్కడ వీరలక్ష్మి చుట్టూ వియ్యాలవారి ఆడవాళ్ళు మూగి ఉన్నారు.

"మగపెళ్ళివారు ముహూర్తానికి ముందొచ్చిన పెళ్ళి ఈ చుట్టుపక్కల ఇదొక్కటేనమ్మా!" అంటోంది వీరలక్ష్మి, ముఖం చాటంత చేసుకుని. "అంతా ఆ పాట మహిమ. నేనే ఏరి ఇచ్చేను. నాకెంతో ఇష్టమైన పాట. రోజూ వంటింట్లో కూనిరాగం తీసుకుంటూనే ఉంటాను."

సువర్ణ తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది. ఏడాదిగా గోడ అవతల నుంచి విని విని, ఆ పాట తనదేననుకుంటోంది అత్తగారు! క్షణం ఆలోచించి సువర్ణ నోరు మూసేసింది. గాయత్రి తల్లి కదా, ఎప్పుడు మూసుకోవాలో తెలుసు.

సూర్యప్రకాశరావు కుర్చీలో కూలబడి విసురుకుంటూ, "ఇంతకీ ఆ పాటకి మ్యూజిక్ డైరెక్టరెవరమ్మా? నా మోకాళ్ళు తీసేసేడు," అన్నాడు.

వీరలక్ష్మి సాలమోను వైపు చూసింది. సాలమోను సువర్ణ వైపు చూశాడు. సువర్ణ పీటల మీద కూర్చున్న పెళ్ళికొడుకు దగ్గరికి వంగి, గొంతు తగ్గించి అడిగింది.

"అన్నయ్యగారూ, మీరు ఏడో స్టేజి దాటేరా?"

"ఆయ్, రెండుసార్లు."

"చివర పేర్లొస్తాయంటగా. సంగీతం ఎవరని ఉందండి?"

"మోమో అని ఉంటుంది చెల్లెమ్మా. అంతే. ఆ రోజుల్లో కంపెనీ వాళ్ళు అసలు పేరు వెయ్యనిచ్చేవారు కాదట, ముద్దుపేరే వేసేవారు. జపాన్ ఆవిడని తర్వాతెప్పుడో పత్రికలో చదివేను."

"ఆవిడా?"

"ఆవిడే."

ఎక్కడో జపానులో, పేరు కూడా సరిగ్గా వేయించుకోలేని ఒక ఆడమనిషి మూడు గొంతులతో పాట కడితే, ముక్తేశ్వరం వీధిలో ఒక పెళ్ళి వేళకి జరిగింది, ఒక పిల్ల కడుపు నిండింది. ఆవిడకి ఈ సంగతి ఎవరైనా ఉత్తరం రాస్తే బాగుండును. సువర్ణ వెనక్కి తిరిగి, ఆ ఇంట్లో ఎప్పుడూ మాట్లాడనంత గట్టిగా చెప్పింది.

"మోమోగారండి!"

"చూసేరా, ఆవిడ పాటలంటే నాకు మొదటి నుంచీ ప్రాణం," అంది వీరలక్ష్మి.

సాలమోను క్లారినెట్టుని కళ్ళకద్దుకున్నాడు.

అంతా సుఖంగా ముగిసింది గాని, మర్నాడు పొద్దున్న సువర్ణ టీవీ పెట్టి, బాతుని నీళ్ళలో నిలబెట్టి, ముద్ద కలిపేసరికి గాయత్రి టీవీ వంక ఒకసారి చిన్నచూపు చూసి పెదవులు బిగించేసింది. టేపు వేసినా అంతే. దానికిప్పుడు రెండు క్లారినెట్లు, ఒక బాకా, ఒక డ్రమ్ము కావాలి.

సాలమోనుకి కబురు పంపితే, పెళ్ళిళ్ళు లేని రోజుల్లో పొద్దుటి అన్నానికైతే వస్తానని, సాయంత్రం పాలకి మాత్రం కుదరదని చెప్పాడు.