పదమూడో సుషీ

సిమెంటు ఫ్యాక్టరీ పెట్టడానికి వస్తున్న విదేశీ అతిథులకి సుషీ అంటే ప్రాణమనీ, మన జిల్లాలో పన్నెండు మేలైన సుషీ రెస్టారెంట్లు ఉన్నాయనీ మంత్రిగారు సభలో బల్ల గుద్ది చెప్పారు. ఆయన బల్ల గుద్దారంటే ఉన్నట్టే. అవి ఎక్కడున్నాయన్నది ఒక్కటే తేలాలి. ఆ చిన్న విషయం బల్ల మీంచి బల్ల మీదికి జారుతూ వచ్చి, చివరికి ఫుడ్ ఇన్‌స్పెక్టరమ్మ ఒళ్ళో పడింది.

ఇన్‌స్పెక్టరమ్మ పద్దెనిమిదేళ్ళుగా పాలల్లో నీళ్ళూ, కారంలో ఇటుక పొడీ పట్టుకుంటున్న మనిషి. ఉన్నదాంట్లో ఉండకూడనిది వెతకడం ఆవిడకి వెన్నతో పెట్టిన విద్య. అసలు లేనిదాన్ని వెతకడం మాత్రం ఇదే మొదలు.

"సార్, సుషీకి సముద్రపు చేప కావాలి. మనకి సముద్రం ఆరొందల కిలోమీటర్లు," అంది పెద్దాఫీసరుతో.

"దూరాలు రోడ్ల శాఖ చూసుకుంటుందమ్మా. మీది ఆహారం. గురువారానికల్లా జాబితా రావాలి. పన్నెండు. పదకొండు కాదు."

జీపెక్కింది. డ్రైవరు రెండు వీధులు దాటేదాకా ఓపికపట్టి, ఇక ఉండబట్టలేక అడిగాడు.

"అమ్మా, ఇంతకీ సుషీ అంటే?"

"పుల్లటి అన్నం ముద్ద మీద పచ్చి చేప ముక్క."

"పచ్చిదే? పాపం, గ్యాస్ అయిపోయిందేమో."

రెండు రోజులు తిరిగారు. చేప వేపుడు దొరికింది, చేప పులుసు దొరికింది, ఒకచోట ఆక్వేరియంలో చేప దొరికింది. సుషీ మటుకు దొరకలేదు. అప్పుడు ఆదుకున్నవాడు బ్యానర్ బాబాయి. పార్టీలో ఏ పదవీ లేదు గానీ, ఎవరు పుట్టినా, ఎవరు పోయినా గంటలో బ్యానర్ కట్టించగల సమర్థుడు. ఇన్‌స్పెక్టరమ్మని సరాసరి ఒక బోర్డు ముందుకి తీసుకెళ్ళాడు. 'సుశీ లేడీస్ టైలర్స్.'

"బాబాయ్ గారూ, ఇది కుట్టుమిషన్ల కొట్టు. యజమానురాలు సుశీల. పైగా ఇది శ, అది ష."

"శకు, షకు తేడా ఈ రోజుల్లో ఎవరు చూస్తున్నారమ్మా? రాసుకో. ఒకటి."

ఆ లెక్కన ఐసు ఫ్యాక్టరీ రెండోది అయింది, చల్లగా ఉంటుంది కనక. ఆక్వేరియం షాపు మూడోది. "చేప ఉంది, పచ్చిదే, పైగా కదుల్తోంది. ఇంతకన్నా తాజాగా ఎవడిస్తాడు?" అన్నాడు బాబాయి. బుధవారం సాయంత్రానికి పన్నెండు బోర్డులూ లేచాయి.

గురువారం పొద్దున్న జాబితా అచ్చుకిచ్చి వస్తుంటే, ప్రెస్సు వెనక సందులో జీపు పంక్చరైంది. ఎదురుగా బోర్డు లేని గది, ఆరు స్టూళ్ళు. లోపల ఒక ముసలాయన తడి చేత్తో అన్నం ముద్దలు చేస్తున్నాడు. ముప్ఫయ్యేళ్ళు ఓడల్లో వంట చేసొచ్చాడట. సందులో అందరికీ ఓడ తాత.

"చెరువు చేప పచ్చిగా పెట్టకూడదమ్మా, పురుగులుంటాయి. అందుకే పొగబెట్టి పెడతాను," అన్నాడు.

జిల్లాలో ఆ సంగతి తెలిసిన మనిషిని ఇన్‌స్పెక్టరమ్మ మొదటిసారి చూసింది. ఒక ముక్క నోట్లో పెట్టుకుంది. కళ్ళు వాటంతటవే మూతపడ్డాయి. ఎనిమిది తింది. డ్రైవరు నంజుకోడానికి పెట్టిన పచ్చటి ఘాటు ముద్ద మొత్తం ఒకేసారి మింగి, కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ, "గ్యాస్ లేకపోయినా ఫర్వాలేదమ్మా," అన్నాడు.

"లైసెన్సుందా తాతా?"

తాత గోడకున్న కాగితం చూపించాడు. దరఖాస్తు మూడేళ్ళ కిందటిది. 'సుషీ అను పదార్థము శాఖవారి పట్టికలో లేనందున తిరస్కరించడమైనది.' కింద సంతకం ఇన్‌స్పెక్టరమ్మదే.

ఆవిడ చెయ్యి కడుక్కుని లేచింది. నేరుగా పెద్దాఫీసరు దగ్గరికెళ్ళింది.

"సార్, నిజమైనది దొరికింది! ఒక ముసలాయన చేస్తున్నాడు, లైసెన్సు మనమే ఇవ్వలేదు."

"అయ్యో! పన్నెండూ అచ్చయిపోయాయే. పదమూడు ఉందంటే మంత్రిగారు అబద్ధమాడినట్టు కాదూ?"

"టైలర్‌ని తీసేద్దాం సార్."

"రిబ్బన్ కటింగ్ అయిపోయిందమ్మా. ఆ ముసలాయనకి లైసెన్సు లేదన్నారుగా. సీలు వెయ్యండి."

ఇన్‌స్పెక్టరమ్మ ఆ మధ్యాహ్నమే వెళ్ళి ముందు తలుపుకి లక్క కరిగించి శ్రద్ధగా సీలు వేసింది. వేసి, చుట్టూ తిరిగి, పెరటి తలుపు తట్టింది. ఆర్డర్లో పెరటి తలుపు ఊసు లేదు.

శుక్రవారం అతిథులు దిగారు. టైలరమ్మ తన శాయశక్తులా అన్నాన్ని నల్ల లైనింగు గుడ్డలో చుట్టి, అంచు కుట్టి మరీ వడ్డించింది. అతిథుల్లో పెద్దాయన పావుగంట నమిలాడు. మంత్రిగారు చప్పట్లు కొట్టారు. ఆయన తినలేదు, ఆ రోజు ఉపవాసమట. ఆక్వేరియం షాపులో అతిథుల్లో ఒకాయన చేపకి క్షమాపణ చెప్పి బయటికొచ్చేశాడు.

వాళ్ళ అవస్థ చూడలేక డ్రైవరు, మధ్యాహ్నం విశ్రాంతికని చెప్పి, వాళ్ళని తాత పెరట్లోకి తీసుకొచ్చేశాడు. ఇన్‌స్పెక్టరమ్మ అప్పటికే అక్కడ ఒక స్టూలు మీద ఉంది. అతిథులు తిన్నారు. మళ్ళీ తిన్నారు. తాత చేతులకి ఊపిరాడలేదు.

"మీ ఊరి రుచి వచ్చిందా అండీ?" అని అడిగింది ఇన్‌స్పెక్టరమ్మ.

పెద్దాయన వెంట వచ్చిన దుభాషి చెవిలో ఏదో అన్నాడు. దుభాషి సిగ్గుపడుతూ చెప్పాడు: "వీళ్ళు సుషీ తినడం ఇదే మొదటిసారటండీ. వీళ్ళ ఊరికీ సముద్రం ఎనిమిదొందల కిలోమీటర్లు. మీకిది ప్రాణమట కదా అని మంత్రిగారే అన్నారు. పెద్దవారిని కాదంటే బావుండదని ఊరుకున్నారు."

సాయంత్రం వీడ్కోలు సభలో మంత్రిగారు గంట మాట్లాడారు. సభ ముగియకుండానే పెద్దాఫీసరు ఫోన్. ఇన్‌స్పెక్టరమ్మ ఇంకా పెరట్లోనే ఉంది.

"అమ్మా, మీ పని భేషుగ్గా ఉందన్నారు. ఇప్పుడే ఇంకోటి ప్రకటించారు. జిల్లాలో మూడు బీచ్‌లున్నాయట. సోమవారానికల్లా జాబితా."

ఆవిడ ఫోన్ పెట్టేసి స్టూలు ముందుకి జరుపుకుంది.

"తాతా, ఇంకో నాలుగు పెట్టు. సముద్రం వెతకాలి."