సర్దుబాటుగారి గుండెనొప్పి

ఆ రోజు పొద్దున్న శాసనసభ్యుడు వేసుకున్న పథకం చాలా చిన్నది. టీ తాగాక జబ్బు పడాలి, చీకటి పడేలోగా కోలుకోవాలి.

ఊళ్ళో ఆయన్ని సర్దుబాటుగారు అనేవారు. ఎదురుగా ఎవరూ అనేవారు కాదు గానీ ఆయనకి తెలుసు. తెలిసి బాధపడలేదు సరికదా, లోలోపల కాస్త గర్వపడ్డాడు కూడా. పార్టీలో పాతవాళ్ళకీ కొత్తవాళ్ళకీ తగువొస్తే మధ్యలో కుర్చీ ఆయనదే. రైతులకీ మిల్లువాళ్ళకీ పేచీ వచ్చినా అంతే. ఎవరొచ్చి ఏమడిగినా తల ఒక రకంగా ఊపేవాడు. అది అవుననీ కాదు, కాదనీ కాదు. అడిగినవాళ్ళు దాన్ని ఎవరికి కావలసినట్టు వాళ్ళు అర్థం చేసుకుని సంతోషంగా వెళ్ళిపోయేవారు. ఇంట్లోనూ ఆయన మంచానికి సరిగ్గా మధ్యలోనే పడుకునేవాడు. భార్య అటు అంచుకో ఇటు అంచుకో జరిగి కాపురం చేసేది.

ఇప్పుడు తలూపితే సరిపోని పని వచ్చిపడింది. చిన్న ఊళ్ళలో ఉన్న ఆసుపత్రులను మూసేసి, ఏటి అవతల కట్టిన పెద్ద ఆసుపత్రిలో కలిపేయాలని ఆయన పార్టీయే బిల్లు తెచ్చింది. మూసేవాటిలో ఆయన ఊరి ఆసుపత్రి కూడా ఉంది. మధ్యాహ్నం సభలో ఓటింగు. బిల్లుకి అనుకూలంగా ఓటేస్తానని పార్టీకి మాట ఇచ్చాడు. ఆసుపత్రిని పోనివ్వనని ఊరికీ మాట ఇచ్చాడు. రెండూ మనస్ఫూర్తిగానే ఇచ్చాడు.

అందుకని జబ్బు. మంచం మీదున్న మనిషి ఓటెలా వేస్తాడు? పార్టీ అయ్యో అంటుంది, ఊరూ అయ్యో అంటుంది. ఈ సంగతి ఆయన టీ తాగుతూ భార్యకి వివరించాడు. ఆవిడ అంతా విని, ఖాళీ కప్పు తీసుకుంటూ ఒకటే అడిగింది.

"సరేనండీ, మీరు పడుకుంటే ఆసుపత్రి ఉంటుందా, పోతుందా?"

"అది వేరే విషయం" అన్నాడాయన.

ఎక్కడ పడుకోవాలన్నది సహాయకుడికి వదిలేశాడు. ఆ సహాయకుడు ఒక పని చెబితే రెండు చేసే రకం. ఊళ్ళో ప్రైవేటు నర్సింగ్ హోము ఒకటుంది గానీ దాని యజమాని పార్టీ మనిషి, అబద్ధం ఇట్టే పట్టేస్తాడు. అందుకని కారుని నేరుగా ఊరి ఆసుపత్రికే పోనిచ్చాడు. దారిలోనే పార్టీ నాయకుడికి ఫోన్ చేసి, సార్‌కి గుండెనొప్పనీ, ఫలానా ఆసుపత్రిలో చేరుతున్నారనీ చెప్పేశాడు. అవతల చాలాసేపు మాట వినిపించలేదు. నాయకుడు కంటతడి పెట్టుకుంటున్నాడని సహాయకుడు అనుకున్నాడు.

ఆ ఆసుపత్రిలో పెద్ద నర్సు శాసనసభ్యుడికి వరసకి అక్క, పెద్దమ్మ కూతురు. ఇద్దరూ ఒక బడిలో చదివారు. లెక్కల పరీక్ష రోజున ఆయనకి కడుపునొప్పి రావడం ఆవిడ చిన్నప్పటినుంచీ చూస్తూనే ఉంది.

"నొప్పి ఎక్కడ తమ్ముడూ?"

ఆయన కుడిపక్క చెయ్యి వేసుకున్నాడు.

"గుండె అటుండదు."

ఆయన చేతిని కాస్త జరిపి, మధ్యలో ఆపాడు.

గుండెనొప్పని వచ్చినవాణ్ణి నమ్మినా నమ్మకపోయినా చూడాల్సిందే, అక్కడి పద్ధతి అది. అక్క బయట రోగుల్ని చూస్తున్న డాక్టరుని పిలిపించింది. ఆ ఊరికి డాక్టరు ఒక్కడే. ఆక్సిజన్ సిలిండర్లలో గాలి ఉన్నది కూడా ఒక్కటే. దాన్ని దొర్లించుకొచ్చి ఆయన మంచం పక్కన నిలబెట్టి ముక్కుకి మాస్కు తగిలించింది. పరీక్షలయ్యేదాకా ఏమీ తినకూడదని డాక్టరు చెప్పి వెళ్ళాడు.

ఇక్కడినుంచి సంగతి ఆయన చేతుల్లో లేకుండా పోయింది.

ఆసుపత్రి గేటుకి ఎదురుగా మంగలి దుకాణం ఉంది. కారు దిగి స్ట్రెచరెక్కుతున్న శాసనసభ్యుణ్ణి మంగలి కళ్ళారా చూశాడు. ఇంత పెద్దమనిషికి జబ్బు చేస్తే పట్నంలో పడకలు లేవా? మూసేస్తామంటున్న చోటే వచ్చి పడుకున్నాడంటే అర్థమేమిటి? మంచం దిగను, ఎలా మూస్తారో చూస్తాను అనే కదా! మంగలి కత్తి పక్కన పెట్టి గేటు దగ్గరికి పరిగెత్తాడు. కుర్చీలో ఉన్న మనిషి ఒక చెంప నున్నగా, ఒక చెంప నురుగుతో మంగలి వెనకాలే వచ్చి సాయంత్రందాకా అలాగే నిలబడ్డాడు.

కాసేపటికి లోపలినుంచి ఇంకో కబురొచ్చింది, సార్ ఏమీ తినడం లేదట. అది గేటు దాటేసరికి నిరాహార దీక్ష అయింది. భార్య క్యారియరు పట్టుకుని వస్తే మంగలి చేతులు జోడించి అడ్డం నిలబడ్డాడు. దీక్ష చెడగొట్టొద్దమ్మా, మీ ఆయన ఇన్నాళ్ళకి మనిషయ్యాడు అని బతిమాలాడు. ఆయన కూరకి ఉప్పు తగ్గితేనే ఓర్చుకోలేడని ఆవిడకి తెలుసు. ఏదో అనబోయి, అంతమంది కళ్ళల్లో ఉన్న ఆశ చూసి, క్యారియరుతో అలాగే వెనక్కి వెళ్ళిపోయింది.

లోపల శాసనసభ్యుడికి ఇవేవీ తెలియవు. పక్క మంచం మీద బక్కపలచటి కండక్టరు ఒకాయన ఉన్నాడు. ఉబ్బసం ముదిరి ఉద్యోగం మానేశాడట. భార్య స్టూలు మీద కూర్చుని, మడిచిన పేపరుతో విసురుతోంది.

"బస్సులో ముందుకి జరగండి, ముందుకి జరగండి అని అరిచి అరిచి ఊపిరంతా అక్కడే ఖర్చయిపోయింది సార్" అన్నాడు కండక్టరు. "మా ఇల్లు ఈ పక్క సందులోనే. ఊపిరాడనప్పుడల్లా మా ఆవిడ నన్ను ఇక్కడికి నడిపించుకొస్తుంది. దగ్గర కాబట్టి బతికిపోతున్నా."

శాసనసభ్యుడు మాస్కులోంచి తల ఊపాడు. అలవాటుగా ఊపే ఊపే.

ఇంకాసేపటికి కండక్టరు మాట మధ్యలో ఆగిపోయింది. లేచి కూర్చోబోయాడు. మెడ నరాలు తాళ్ళలా బిగిశాయి. ఛాతీ ఎగసిపడుతోంది గానీ గాలి లోపలికి పోవడం లేదు. పేపరు కిందపడింది. అక్క పరిగెత్తుకొచ్చింది. ఒకసారి కండక్టరునీ, ఒకసారి తమ్ముడి పక్కనున్న సిలిండర్నీ చూసింది. అటూ ఇటూ ఆ ఒక్క చూపే. ఆ చూపు ముందు శాసనసభ్యుడికి తల ఊపడం చేతకాలేదు.

"తీసెయ్యి అక్కా. నాకేం లేదు."

"తెలుసు" అంది అక్క. అప్పటికే ఆవిడ చేతులు గొట్టం మీద ఉన్నాయి.

ఆయన మంచం దిగి, ఆసుపత్రి గౌనులో గోడకి ఆనుకుని నిలబడ్డాడు. కండక్టరు ముఖంలోకి మెల్లగా రంగు వచ్చింది. పక్కటెముకలు ఒక్కొక్కటిగా కుదుటపడటం ఆయన చూశాడు. ఒక మనిషి ఊపిరి తీసుకోవడాన్ని అంతసేపు ఎప్పుడూ చూడలేదు. కండక్టరు భార్య వచ్చి ఆయన రెండు చేతులూ పట్టుకుని, మీ ఊపిరి తీసి మా ఆయనకిచ్చారు బాబూ అని ఏడ్చింది. ఆ చేతులు ఎలా విడిపించుకోవాలో ఆయనకి తెలియలేదు.

అక్క ఆయన్ని వరండాలోకి తీసుకెళ్ళింది.

"ఆ సిలిండరు నీకు పెట్టకుండా ఉండాల్సింది. అబద్ధమని తెలిసే పెట్టాను. అందులో నా తప్పూ ఉంది" అంది. "ఇంకాస్త ఆలస్యమైతే పోయేవాడు. ఏటి అవతలికైతే వంతెన కూడా దాటేవాడు కాదు."

అప్పుడే సహాయకుడు ఫోన్ పట్టుకొచ్చాడు. పార్టీ నాయకుడు.

"ఏమయ్యా, మా బిల్లు మీద మా మనిషే నిరాహార దీక్షా? ఊపిరి కూడా వద్దంటున్నావట!" ఆక్సిజన్ తీసేయించుకున్న సంగతి అప్పుడే అక్కడిదాకా పాకింది. "నువ్వు లేకపోతే మనకి మిగిలేది ఒక్క ఓటే, లెక్క నీ ఒక్కడి దగ్గర ఆగిపోయింది. కారు పంపాను. వచ్చి ఓటెయ్యి."

లెక్క తన ఒక్కడి దగ్గర ఆగిపోతుందని ఆయన అనుకోలేదు. ఇన్నేళ్ళూ తన ఓటు ఉన్నా లేకపోయినా ఒకటేనన్న ధైర్యంతోనే ఆయన ఇద్దరికీ మాటలిచ్చాడు. ఫోన్ సహాయకుడికి ఇచ్చేసి అక్కవైపు తిరిగాడు.

"నా చొక్కా ఏది? నేను సభకి వెళ్ళాలి. వద్దని ఓటేస్తాను."

అక్క ఆయన ముఖం చాలాసేపు చూసి, చొక్కా తెచ్చి ఇచ్చింది. గుండీలు కూడా తనే పెట్టింది.

గేటు దగ్గర ఊరంతా ఉంది. అవతల పార్టీ కారు, దాని పక్కన తెల్లచొక్కాలవాళ్ళు ఇద్దరు. గేటు తీయమని వాళ్ళు బయటినుంచి తోస్తుంటే, తీయబోమని ఊరివాళ్ళు లోపలినుంచి ఆపుతున్నారు. శాసనసభ్యుడు నడుచుకుంటూ రావడం చూసి అందరూ తోపులాట ఆపారు. ఆయన దారి విడవమన్నాడు. సభకి వెళ్తున్నాననీ, బిల్లుకి వ్యతిరేకంగా ఓటేస్తాననీ అందరికీ వినిపించేలా చెప్పాడు. అంత సూటి మాట ఆయన నోట రావడం అదే మొదలు.

మంగలి తలవంచుకుని విన్నాడు.

"అలాగే అంటారండి."

"నిజంగా చెప్తున్నానయ్యా."

"కాలవ అప్పుడూ నిజంగానే చెప్పారండి. బడి అప్పుడూ అంతే. మీ మీద కోపం లేదు మాకు" అన్నాడు మంగలి చాలా మెత్తగా. "మీ తల నాకు తెలియందా? ఇన్నేళ్ళుగా నా చేతుల్లోనే తిరుగుతోంది. ఎటు తిప్పితే అటు తిరుగుతుంది. అక్కడికెళ్తే వాళ్ళు అటు తిప్పేస్తారు. ఇక్కడుంటే మాకు భద్రం."

తమ్ముడు ఈసారి నిజమే చెప్తున్నాడని అక్క ముందుకొచ్చి చెప్పింది. తమ్ముడు కాబట్టి మీరలాగే అంటారమ్మా అన్నారు ఊరివాళ్ళు.

తెల్లచొక్కాలవాళ్ళు మాత్రం నమ్మారు. వాళ్ళకి నమ్మక తప్పలేదు. ఒకడు పక్కకెళ్ళి నాయకుడికి ఫోన్ చేసి వచ్చాడు. అంతే, అప్పటిదాకా గేటు తెరవమని తోసినవాళ్ళు ఇప్పుడు దాన్ని బయటినుంచి మూసిపెట్టి వీపులు ఆనించి నిలబడ్డారు. సార్‌కి ఒంట్లో బాగాలేదు, బయటికి పంపొద్దని మంగలికి జాగ్రత్తలు కూడా చెప్పారు. పార్టీవాళ్ళు చెప్పిన మాట మంగలికి సబబుగా తోచడం కూడా అదే మొదలు. రెండు పక్షాల్నీ ఒక్కమాట మీదికి తేవాలని శాసనసభ్యుడు జీవితమంతా తంటాలు పడ్డాడు. ఇప్పుడు వచ్చాయి.

ఆయన వెనకవైపుకి పరిగెత్తాడు. వంటగది పక్కన గోడ కాస్త పొట్టిది. సహాయకుడు కింద వంగితే వాడి వీపు మీద కాలేసి ఎక్కాడు. ఎక్కాడు గానీ దిగలేకపోయాడు. ఒక కాలు ఇటూ ఒక కాలు అటూ వేసుకుని గోడ మీద కూర్చుండిపోయాడు. లోపలికాలు ఊరివాళ్ళు ఆప్యాయంగా పట్టుకుని లాగారు. బయటికాలు తెల్లచొక్కాలవాళ్ళు మర్యాదగా ఎత్తి లోపలికి తోశారు. ఆయన గోడమీదనుంచి వద్దు, ఆ బిల్లు వద్దు, నా ఓటు వద్దనే అని గొంతు చించుకున్నాడు. అక్కడ ఓట్లు లెక్కపెట్టేవాళ్ళెవరూ లేరు. ఒక చెంప గడ్డం గీసుకున్న మనిషి ఫోన్‌తో ఫోటో తీశాడు. తర్వాత పదిమందీ కలిసి ఆయన్ని పసిపిల్లాణ్ణి ఎత్తుకున్నట్టు ఎత్తుకెళ్ళి మంచం మీద పడుకోబెట్టి దుప్పటి కప్పారు.

ఫలితం మంగలి దుకాణంలో ఉన్న టీవీలో చెప్పారు. బిల్లు ఒక్క ఓటు తేడాతో నెగ్గింది. వద్దన్నవాళ్ళు ఇంకొక్కడు ఉంటే ఓట్లు సమానమై, ఆనవాయితీ ప్రకారం బిల్లు పడిపోయేదని టీవీలో ఎవరో వివరిస్తున్నారు. దుకాణం ముందున్నవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు కదిలిపోయారు. మంగలి టీవీ కట్టేసి వార్డులోకి వచ్చి, శాసనసభ్యుడి మంచం చివర నిలబడ్డాడు.

"పోనీలెండి. మీరు మాత్రం మా పక్కనే ఉన్నారు" అన్నాడు.

ఆ వెంటనే నాయకుడి ఫోన్. రాకపోవడమే మేలయింది, ఒంటిని చూసుకో అన్నాడు. పొద్దున్న టీ తాగుతూ ఆయన అనుకున్నది అక్షరాలా జరిగింది. ఇద్దరూ ఆయన మీద జాలిపడ్డారు. పక్క మంచం మీద కండక్టరు నిద్రపోతున్నాడు, ఆయన ఆ ఊపిరి వింటూ పడుకున్నాడు.

వానలు వెలిశాక ఆసుపత్రి మూసేశారు. మంచాలు లారీల్లో వెళ్ళిపోయాయి. అక్కని ఏటి అవతలికి బదిలీ చేశారు. చలికాలం మొదట్లో ఒక ఉదయం ఆవిడ తమ్ముడికి ఫోన్ చేసింది. కండక్టరుని తెచ్చారనీ, అంబులెన్సు వంతెన మీద ఉండగానే పోయాడనీ చెప్పింది.

పరామర్శకి వెళితే కండక్టరు భార్య ఆయనకి కుర్చీ వేసింది. ఆయన కూర్చోలేదు. ఆ రోజు తను ఆసుపత్రికి వచ్చింది జబ్బుపడి కాదనీ, అదంతా నాటకమనీ, పొద్దున్నే సభకి వెళ్ళి ఉంటే ఆ ఒక్క ఓటూ తనదేననీ అంతా చెప్పేశాడు. ఏదీ దాచలేదు. ఆవిడ చెంగుతో కళ్ళు తుడుచుకుంటూ ఓపిగ్గా వింది.

"మీరు మంచివారు బాబూ. అందుకే మా ఆయన పోయిన పాపం కూడా మీ మీద వేసుకుంటున్నారు" అంది.

తర్వాతి ఎన్నికల్లో ఆయన మునుపెన్నడూ రానంత మెజారిటీతో గెలిచాడు. కండక్టరు భార్య ఓటు కూడా ఆయనకే పడింది.