దోమలు అలిగిన ఇల్లు

ఆ శనివారం మావయ్యగారు పెట్టుకున్న పని చాలా చిన్నది. పన్ను పీకిన డాక్టరు రాసిచ్చిన మాత్ర వేసుకుని పడుకోవడమే. ఇంతలో పరిశోధనశాలలో ఏసీ పాడైందని కోడలు రెండు వలపెట్టెల నిండా దోమల్ని తెచ్చి హాల్లో పెట్టింది. జబ్బులు అంటకుండా పెంచిన దోమలు.

వాటి కడుపులో ఉండే ఒక సూక్ష్మజీవి విషజ్వరం క్రిమిని ఎదగనివ్వదని ఆమె నమ్మకం. సోమవారం సాయంత్రానికల్లా పెద్దసారుకు ఏదో ఒకటి తేల్చి చూపించకపోతే పని ఆపేస్తారు. రోజూ తన చేతినే పెట్టెలో పెట్టి దోమల్ని మేపుతోంది పిచ్చిపిల్ల. దద్దుర్లు తేలిన ఆ చెయ్యి చూసి మావయ్యగారి ప్రాణం ఉసూరుమంది. మధ్యాహ్నం ఆమె కునుకు తీస్తుండగా తన చేతిని ఎడమ పెట్టెలో పెట్టేశారు.

సాయంత్రం కోడలు ఎడమ పెట్టెలో చెయ్యి పెడితే ఒక్క దోమా వాలలేదు. కుడి పెట్టెలోనూ అదే అలక. ఆమె ఫ్యాను ఆపింది, లైటు తగ్గించింది, చివరికి అత్తగారు నేల తుడిచిన ఫినాయిల్‌ను అనుమానించింది. అత్తగారు నొచ్చుకుని సీసాను గుమ్మం బయట పెట్టి, ఆపైన వంటగది ముఖం చూడలేదు. కొడుకు తల్లిని వెనకేసుకొచ్చి పెళ్లాం చేత, పెళ్లాన్ని వెనకేసుకొచ్చి తల్లి చేత చీవాట్లు తిన్నాడు. మావయ్యగారు మాత్రం ఆదివారం మళ్లీ చెయ్యి పెట్టారు.

సోమవారం పరీక్షకని పెట్టెలు పట్టుకెళ్లిన కోడలు మధ్యాహ్నానికే వచ్చి కూలబడింది. ఎడమ పెట్టె దోమల్లో సూక్ష్మజీవి జాడే లేదట, కుడి పెట్టెలో నిక్షేపంగా ఉందట.

"ఫినాయిల్ కాదు అత్తయ్యా, నా చేతగానితనమే. అనవసరంగా మిమ్మల్ని అన్నాను," అని కళ్లు తుడుచుకుంది.

ఆ కన్నీళ్లు చూశాక మావయ్యగారి వల్ల కాలేదు. చొక్కా చెయ్యి పైకి మడిచారు. "ఎడమ పెట్టెకు నేను పెట్టానమ్మా. నీ చెయ్యి చూడలేకపోయాను."

కోడలు ఆ దద్దుర్లను చూసి, బల్ల మీది మాత్రలకేసి చూసింది. "ఇవి వేసుకుంటూనా మావయ్యా?" పంటి చీముకు రాసిన మందు ఆయన రక్తంతో పాటు దోమల కడుపులోకి వెళ్లి అక్కడి సూక్ష్మజీవుల్నీ ఊడ్చేసింది. "ఎడమవి మీ రక్తం తాగేసి నా చేతి మీద వాలలేదు సరే, మరి కుడి పెట్టెవి ఎందుకు అలిగాయి?"

అత్తగారు చెయ్యి వెనక్కి దాచుకున్నారు. కోడలు లాగి చూస్తే నిండా దద్దుర్లు.

"నేను మాత్రలేం వేసుకోలేదుగా," అన్నారావిడ.

సూక్ష్మజీవి ఉన్న దోమలూ లేని దోమలూ పక్కపక్కన ఉంటేనే దాని మహిమ తేలేది. ఆ జత కోసమే కోడలు నెలలుగా తంటాలు పడుతోంది. ఇద్దరి చేతులకూ మందు రాసి, "నా పని ఇంత ప్రేమగా ఎవరూ పాడుచెయ్యలేదు. సారుకు ఉన్నదున్నట్టు చెప్పేస్తాను," అని నవ్వుతూ పరుగెత్తింది.

శనివారం నుంచి పొయ్యి వెలగలేదన్న సంగతి మావయ్యగారికి అప్పుడు గుర్తొచ్చింది. ఈ రెండు రోజులూ ఇంట్లో కడుపు నిండా తిన్నది దోమలే.