గోడను పట్టిన వెన్ను

పక్క స్థలంలో సెల్లారు కోసం తవ్విన లోతైన గుంత గోడ కూలకుండా మట్టిలోకి ఏటవాలుగా దూర్చిన ఉక్కు తాళ్లలో ఒకటి, వీరస్వామి ఇంటి నేలను చీల్చుకొచ్చి, కుర్చీలో టీ తాగుతున్న ఆయన వెన్నులో దిగి బిగుసుకుంది. రిటైరైన బస్సు డ్రైవరు కాబట్టి ఆయన కంగారుపడలేదు. టీ పూర్తిచేసి గ్లాసు భార్య అండాలుకు ఇచ్చాడు.

మధ్యాహ్నం సైటు ఇంజనీరు ప్రణీత్ వచ్చాడు. తాడు కొసకు పట్టుగా గట్టి రాయి దొరకాలని, ఈ వీధి కింద అంతా పొడిపొడిగా రాలే రాయేనని, చివరికి వీరస్వామి దొరికాడని వివరించాడు. యంత్రంతో లాగి చూస్తే ఆయన వెంట్రుకవాసి కూడా కదల్లేదు. ఇది తాత్కాలికమేనని, సెల్లారు స్లాబులు పైకి లేస్తే గోడను అవే ఆపుతాయని, అంతదాకా లేవకూడదని చెప్పాడు. మున్సిపాలిటీ వాళ్లు కూడా వచ్చి, అనుమతి గోడకే గాని మనిషికి అక్కర్లేదని తేల్చి వెళ్లారు.

అండాలు అన్నం కుర్చీ దగ్గరికే తెచ్చేది. వాన పడితే మట్టి బరువెక్కి తాడు గుంజేది. ఆయన పళ్లు బిగబట్టి కూర్చునేవాడు.

శ్రావణంలో కూతురు సునందకు కాన్పు కష్టమైందని ఆస్పత్రి నుంచి ఫోన్ వచ్చింది. వీరస్వామి కుర్చీ చేతుల మీద బలం మోపి కాస్త లేచాడు. బయట గోడ పెళపెళమంది. కిటికీలోంచి చూస్తే, గుంత అడుగున ఇనుప చువ్వలు కడుతున్న కూలీలు తలలెత్తి చూస్తున్నారు. ఒకామె గుడ్డ ఉయ్యాలలోని బిడ్డ వైపు పరుగెడుతోంది.

ఆయన కూర్చున్నాడు. ప్రణీత్ రొప్పుతూ వచ్చాడు.

"అంకుల్, మీరు లేస్తే వాళ్లంతా మట్టిలో కలిసిపోతారు."

"నా బిడ్డ కాడికి పోవద్దా?"

"వెళ్లొచ్చు అంకుల్. స్లాబులు లేచాక."

అండాలు ఒక్కతే వెళ్లింది. మనవరాలు దక్కింది, సునంద దక్కలేదు. శవాన్ని ఆ వీధి గుండానే తీసుకెళ్లి, తండ్రికి కనబడేలా వీధి వైపు కిటికీ ముందు కాసేపు ఆపారు. కంపెనీ పూలదండ పంపింది. పసిబిడ్డను సునంద అత్తింటివాళ్లు వద్దంటే అండాలే ఇంటికి తెచ్చుకుంది.

స్లాబులు లేచాయి. ప్రణీత్ మాట తప్పకుండా తాడు వదులు చేశాడు. కానీ వీరస్వామి లేవడానికి ప్రయత్నించలేదు. ఎక్కడికి పోవాలో ఆయనకు తోచలేదు.

ఉగాదికి ముందు అవతలి పక్క స్థలంలో తవ్వకం మొదలైంది. కొత్త ఇంజనీరు వచ్చి, ఈ గుంత ఇంకా లోతని, ఒక్కరు చాలరని మర్యాదగా చెప్పాడు. అండాలు గుంత అంచుకు వెళ్లి చూసింది. అడుగున అప్పుడే జనం దిగి పనిచేస్తున్నారు. ఆమె తిరిగొచ్చి భర్త పక్కన ఇంకో కుర్చీ వేసుకుంది.

"వెన్ను నిటారుగా పెట్టండి ఆంటీ," అన్నాడు ఇంజనీరు.

ఆమె పెట్టింది.

ఇప్పుడు రోజూ పొద్దున ఆ కుర్చీలోనే కూర్చుని, పాపను కాళ్ల మీద బోర్లా వేసుకుని నూనె రాస్తుంది. వెన్ను మీద మాత్రం ఇంకాస్త ఎక్కువసేపు రుద్దుతుంది. వెనక వీధిలో ఇంకో స్థలం ఖాళీగా ఉంది.