దత్తతకు వెళ్ళిన బఫూన్

"ఈ పార్కులో నవ్వు ఇక అనాథ కాదు. నేటి నుంచి దాన్ని ప్రభుత్వం దత్తత తీసుకుంటోంది" అని సాంస్కృతిక శాఖ మంత్రిగారు ప్రకటించారు. పార్కు గేటుకి ఎదురుగా నాకు సైకిలు రిపేరు షాపుంది కాబట్టి, ఈ మహత్కార్యాన్ని మొదటినుంచీ కళ్ళారా చూసే భాగ్యం నాకు దక్కింది.

అంతకుముందు ఏడేళ్ళుగా ప్రతి ఆదివారం సాయంత్రం ఒక బఫూన్, అతని భార్య, బావమరిది ఆ పార్కులో ఆట ఆడేవారు. మాటలుండవు. బావమరిది బావ భుజాలెక్కి దూకుతాడు. బఫూన్ కుర్చీలో కూర్చోబోతాడు, బావమరిది లాగేస్తాడు, ఇతను పడతాడు. ఆవిడ నాట్యం చేస్తూ వచ్చి, మొగుణ్ణి లేపబోయి తనూ పడుతుంది. ఇంతే. మేం పొట్ట చెక్కలయ్యేలా నవ్వేవాళ్ళం. ఇంత పని ఎవరి అనుమతీ లేకుండా జరిగిపోయిందని తలుచుకుంటే ఇప్పుడు భయమేస్తుంది.

దత్తత అయిన మర్నాడే శాఖ డైరెక్టరుగారు వచ్చి, దత్తత ఉత్సవంలో మంత్రిగారి ముందు ఆడాలని చెప్పి స్క్రిప్టు అడిగారు. మాటలే లేవండి అన్నాడు బఫూన్. ఆ లేని మాటలే మూడు కాపీలు ఇమ్మన్నారాయన. పాపం ఆవిడ కూర్చుని "ఇక్కడ పడును, ఇక్కడ లేచును" అంటూ పదకొండు పేజీలు రాసిచ్చింది.

డైరెక్టరుగారు శ్రద్ధగా చదువుతూ ఒకచోట ఆగిపోయారు.

"ఎవరి కుర్చీ?"

"మాదే సార్. వంటింట్లోది."

"ఎన్నికలు దగ్గరపడుతుంటే మంత్రిగారి ఎదురుగా కుర్చీ లాగడమేమిటయ్యా? స్టూలు పెట్టు. దాన్నీ లాగకు."

బావమరిది బావ భుజాలెక్కడం తీసేశారు, పార్టీలో ఎవరికైనా తగలొచ్చట. ఆవిడ గిర్రున తిరగడం తీసేశారు, ఆ మధ్యే ఇద్దరు శాసనసభ్యులు ఈ పార్టీ నుంచి ఆ పార్టీకి తిరిగారు. పడటం అసలే వద్దన్నారు. ప్రభుత్వ కార్యక్రమంలో ఏదీ పడకూడదు. చివరికి స్టూలు పక్కన ముగ్గురూ నిలబడి నవ్వడం మిగిలింది. దానికి ఆమోదం దొరికింది.

ఉత్సవం రోజున భద్రత కోసం మమ్మల్ని గేటు బయటే ఉంచి, లోపల కుర్చీల్లో శాఖ సిబ్బందిని నింపారు. మంత్రిగారు గంటంపావు మాట్లాడారు. ఆట మూడు నిమిషాలు. బఫూన్ మొహాన రంగుంది కాబట్టి నవ్వుతున్నాడో లేదో తెలియలేదు. ఆవిడ మొహాన రంగు లేదు, తెలిసిపోయింది. కళంటే ఇలా క్రమశిక్షణతో ఉండాలని మంత్రిగారు మెచ్చుకుని వెళ్ళారు.

తర్వాతి ఆదివారం కుర్చీ పట్టుకుని వచ్చిన బఫూన్‌ని గార్డు ఆపాడు. దత్తత ఇచ్చేశాక కన్నవాళ్ళకి హక్కుండదట. అతను ఆ కుర్చీ నా షాపు ముందు వేసుకుని చీకటిపడేదాకా కూర్చున్నాడు. ఏడేళ్ళలో అతను కుర్చీలో సవ్యంగా కూర్చోవడం నేను చూసింది అదొక్కసారే.

మూడు వారాలకి డైరెక్టరుగారే పరుగున వచ్చారు. శాఖ నివేదికలో నవ్వుతున్న జనం ఫొటో వెయ్యాలి. ఉత్సవం నాడు తీసిన నలభై ఫొటోల్లో ఒక్కరూ నవ్వలేదు. అందుకని పాత ఆటే ఆడమన్నారు.

"కుర్చీ లాగొచ్చా సార్?" అని అడిగింది ఆవిడ.

"లాగమ్మా."

"పడొచ్చా?"

"ఎన్నిసార్లయినా పడండి. ఈ ఒక్క గంటే. ఆదివారాల సంగతి తర్వాత చూద్దాం."

గేటు తెరిచారు. షాపు మూసేసి నేనూ పరిగెత్తాను. బఫూన్ పడ్డాడు, ఆవిడ పడింది, కుర్చీ లాగిన ఊపులో బావమరిదీ పడ్డాడు. మూడు వారాల బాకీ అంతా ఒక్కసారే పడ్డట్టుంది. నవ్వాపుకోలేక డైరెక్టరుగారు కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకున్నారు. ఫొటోగ్రాఫరు మాత్రం ఆటకి వీపుపెట్టి, మమ్మల్నే తీశాడు.

ఆదివారాల ఫైలు పరిశీలనలో ఉంది. ఫొటో మాత్రం నిన్న అన్ని పత్రికల్లోనూ వచ్చింది. కుడివైపు మైకు ముందు చెయ్యెత్తి మంత్రిగారు, ఎడమవైపు మేమంతా. కింద "మంత్రిగారి ప్రసంగానికి పులకించిన ప్రజలు" అని ఉంది. మూడో వరసలో నోరంతా తెరుచుకుని ఉన్నది నేనే.