చివర్లో ఎవరూ రాని కథ

ఆ ఆదివారం టైలర్ పెట్టుకున్న పని ఒక్కటే. లైబ్రరీకి వెళ్ళి, మనసుకు తగ్గ పుస్తకం ఒకటి తెచ్చుకుని, చీకటి పడేదాకా చదువుకోవడం. భార్య పోయాక అతనికి ఆదివారాలు వేరేవాళ్ళ కొలతలకు కుట్టిన చొక్కాల్లా వదులుగా ఉంటున్నాయి. మిగతా రోజుల్లో మిషను చప్పుడైనా తోడుండేది.

లైబ్రరీలో కొత్తగా చేరిన లైబ్రేరియన్ ఒక పద్ధతి పెట్టింది. వచ్చినవాళ్ళను "ఈ రోజు మీ మనసెలా ఉంది? మీకెలాంటివి ఇష్టం?" అని అడిగి, దానికి సరిపడే పుస్తకం తీసి ఇస్తుంది. టైలర్‌ను ఎవరైనా అలా అడిగి చాలా కాలమైంది. అందుకని కాసేపు ఆలోచించి మరీ నిజం చెప్పాడు.

"ఒంటరి మనిషి కథ కావాలండీ. చివర్లో ఎవరూ రాకూడదు."

"ఎవరూనా?"

"తలుపు తట్టిన చప్పుడు కూడా ఉండకూడదు."

ఆమె కళ్ళజోడు సర్దుకుంది. "ఇంట్లో మీతో ఎవరుంటారు?"

"ఎవరూ ఉండరు. అందుకే అడుగుతున్నా."

ఆమె లోపలికి వెళ్ళి ఒక నవ్వుల పుస్తకం తెచ్చింది. "ముందు ఇది చదవండి" అంది, జ్వరం పడ్డ పిల్లాడికి మందు పట్టేటంత మెత్తగా. అతను మొహమాటానికి తీసుకున్నాడు. కుట్టాల్సిన బట్టలు గుట్టగా ఉన్న సంగతి గుర్తొచ్చి, "తిరిగివ్వడానికి నేను రాలేనేమో. ఎవరిచేతైనా పంపిస్తాలెండి. మీరు చాలా మంచివారు, సెలవు" అని వెళ్ళిపోయాడు.

ఇదే ఆఖరి సెలవేమో, ఏ అఘాయిత్యమో చేసుకుంటాడేమోనని ఆమె భయపడింది. సభ్యత్వ ఫారంలో అతను ఇచ్చిన రెండో ఫోన్ నంబరు వాళ్ళ అక్కది. దానికి ఫోన్ చేసి, "మీ తమ్ముడుగారి మాట తీరు బాగా లేదండీ, ఒకసారి చూసి రండి" అంది. అక్కకు 'తమ్ముడు', 'బాగా లేదు' అన్నంతవరకే వినిపించింది. ఆవిడ వెంటనే తమ్ముడి కింది వాటాలో ఉండే ఇంటి ఓనరుకు ఫోన్ చేసింది. "నేనొచ్చేదాకా వాణ్ణి కనిపెట్టుకుని ఉండండి. కత్తెర మాత్రం చేతికి అందనివ్వకండి."

ఇల్లూ దుకాణమూ ఒకటే అయిన తన గదిలో టైలర్ రెండో పేజీలో ఉండగా ఓనరు వచ్చాడు. ఊరికే వచ్చానని చెప్పి, బల్లమీది కత్తెరలు ఒక్కొక్కటే జేబులో వేసుకున్నాడు.

"కత్తెరలెందుకండీ?"

"మా ఆవిడకు కావాలట."

"మూడూనా?"

"ఆవిడ ఏ పనీ సగంలో ఆపదు."

ఆవిడ నిజంగానే సగంలో ఆపలేదు. పైకొచ్చి బ్లేడ్లు, ఇస్త్రీపెట్టె, చివరికి దారపు కండెలు కూడా గంపకెత్తుకుని దిగిపోయింది. అప్పుడే జాకెట్టు కోసం వచ్చిన ఒకామె బోసిపోయిన బల్ల చూసింది. టైలర్ దుకాణం ఎత్తేస్తున్నాడని వీధి చివరిదాకా చెప్పింది. మధ్యాహ్నానికల్లా మా బట్ట మాకివ్వమంటూ జనం గది నిండా చేరారు. వాళ్ళను తోసుకుంటూ అక్క వచ్చింది, రెండు సంచులతో. వచ్చీ రాగానే తమ్ముణ్ణి పట్టుకుని ఏడిచింది.

"నన్నొదిలేసి ఎక్కడికి పోదామనుకున్నావురా?"

"ఎక్కడికి పోతానక్కా, గుమ్మందాకా కూడా దారి లేదు."

ఆ గుమ్మంలోనే రొప్పుతూ లైబ్రేరియన్ నిలబడింది. ఎవరు ఎవరికి ఏం చెప్పారో అప్పుడు బయటపడింది. టైలర్ తలవంచుకుని చెప్పాడు. "నవ్వుల పుస్తకమంటే నాకు పడదండీ. మంచి మాటొస్తే నవ్వి, పక్కకు చూస్తాను. పక్కన ఎవరూ ఉండరు. ఏడుపు పుస్తకంతో ఆ బాధ లేదు. ఏడవడానికి ఒక్కడు చాలు."

ఓనరు జేబులోంచి కత్తెరలు తీసి బల్లమీద పెట్టాడు. జనం ఒక్కొక్కరే, తొందరేం లేదు మెల్లగా కుట్టమని చెప్పి వెళ్ళారు. అక్క మాత్రం నెల్లాళ్ళు ఉంటానని సంచులు విప్పింది. మంచం ఎటు జరపాలో, మిషను ఎక్కడ పెట్టాలో, తమ్ముడు చిన్నప్పుడు ఎందుకు బక్కగా ఉండేవాడో ఏకధాటిగా చెబుతోంది.

టైలర్ లైబ్రేరియన్ వైపు తిరిగాడు. "అందరినీ మీరు అడుగుతారు. మరి మీ మనసెలా ఉందండీ?"

ఆమె కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. "నేనూ ఒక్కదాన్నే. పెద్ద కుటుంబాల కథలు చదువుతాను, వంటింట్లో అందరూ ఒకేసారి అరుచుకునేవి. దీపం ఆర్పేదాకా ఇంట్లో మనుషులున్నట్టుంటుంది."

అక్క మాట ఆపింది. విప్పిన సంచులు మళ్ళీ కట్టింది. "పద తల్లీ. వీడికి మాటలంటే పడదు. నీకు నేనున్నాను."

పై ఆదివారం టైలర్ లైబ్రరీకి వెళ్ళి, ఈసారైనా తనడిగిన పుస్తకం ఇమ్మన్నాడు. లైబ్రేరియన్ కళ్ళకింద నల్లచారలున్నాయి.

"అది లేదండీ. నేనే తీసుకున్నాను. మీ అక్కగారు ఇంకా మా ఇంట్లోనే ఉన్నారు."

ఎంతవరకు వచ్చిందని అతను అడిగాడు. ఇంకా మొదటి పేజీయేనట, ఆవిడ చదవనిస్తే కదా.